ఊ కొట్టే మనిషి

(తిరుపతిలో అంగన్‌వాడీ కార్యకర్తలు, చిన్నపిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఒక స్పీచ్ థెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా, చాపలు ఖాళీగా ఉన్నాయి. బిడ్డలు ఏడ్చినా, అరిచినా, అటూ ఇటూ పాకినా బయటికి తీసుకెళ్లకండి. వాళ్ల గురించి మాట్లాడుకోడానికే వచ్చాం, వాళ్లుండాల్సిందే.

నిన్న పుత్తూరు నుంచి బస్సులో వస్తున్నాను. నా పక్క సీట్లో ఒక అవ్వ, ఆమె ఒళ్లో నాలుగు నెలల మనవరాలు. వడమాలపేట దాటినప్పటి నుంచి తిరుపతి దాకా ఇద్దరూ ఒకటే కబుర్లు. బిడ్డ "ఊఁగ్" అంటుంది. అవ్వ మొహం దగ్గరికి తెచ్చి, "ఏమే, ఏమంటావుండావు? మీ అమ్మ యాడికి పోయిందంటావా?" అని అడిగి ఆగుతుంది. ఆ ఆగడం చూడండి, అదే నన్ను కట్టిపడేసింది. బిడ్డ కాళ్లు ఆడించి, నోరు గుండ్రంగా చేసి, మళ్లీ "ఆఁ" అంటుంది. "అట్నా! సరే, రానీలే, ఇద్దరం కలిసి అడుగుదాం." మళ్లీ ఆగుతుంది. బిడ్డ వంతు వచ్చే దాకా ఆమె ఎదురుచూస్తోంది. ఆ బిడ్డకు ఒక్క మాట రాదు. కానీ సంభాషణంటే ఏమిటో తెలిసిపోయింది. నువ్వు అంటే నేను వింటాను, నేను అంటే నువ్వు వింటావు. మాటలు ఆ తర్వాత ఎప్పుడో వస్తాయి, ముందు ఈ వంతులు వస్తాయి.

మన ఇళ్లలో కథ చెప్పేటప్పుడు వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోతుంది. చెప్పేవాళ్లకు, నా మాట అవతలికి చేరుతోందని తెలియాలంటే ఆ ఊ కావాలి. మాటలు రాని బిడ్డ కూడా తన భాషలో ఏదో చెబుతూనే ఉంటుంది. దానికి ఊ కొట్టే మనిషి ఉండాలి. ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. ఈ రోజు మీకు నేను చెప్పాలనుకున్నది ఇదే.

ఇది నా మాట ఒక్కటే కాదు. 2003లో అమెరికాలో మైకెల్ గోల్డ్‌స్టీన్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు ఎనిమిది నెలల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. తల్లులను రెండు గుంపులు చేశారు. మొదటి గుంపులో, బిడ్డ ఏదైనా శబ్దం చేసిన వెంటనే తల్లి నవ్వాలి, దగ్గరికి జరగాలి, ముట్టుకోవాలి. రెండో గుంపు తల్లులూ అన్నే సార్లు నవ్వారు, అన్నే సార్లు ముట్టుకున్నారు. కానీ తమ బిడ్డ శబ్దం చేసినప్పుడు కాదు, పరిశోధకులు చెప్పినప్పుడు. ప్రేమలో తేడా లేదు, సమయంలోనే తేడా. వెంటనే జవాబు అందిన పిల్లల కూతలు ఆ కాసేపట్లోనే మాటల పోలికకు వచ్చాయి, అక్షరాలు స్పష్టంగా పడ్డాయి. రెండో గుంపు పిల్లల్లో ఆ మార్పు రాలేదు.

దీనికి తలకిందులుగా ఇంకొక ప్రయోగం ఉంది. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే పరిశోధకుడు 1978లో ప్రచురించాడు. తల్లి బిడ్డకు ఎదురుగానే కూర్చుంటుంది, బిడ్డనే చూస్తూ ఉంటుంది. కానీ కొన్ని నిమిషాలు మొహంలో ఏ కదలికా రానివ్వదు. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాస్తుంది, కూతలు పెడుతుంది. జవాబు రాకపోయేసరికి మొహం తిప్పేసుకుంటుంది, డీలాపడిపోతుంది. ఆ ప్రయోగం వీడియో చూసినప్పుడల్లా నాకు ఫోనులో మునిగిపోయిన మన మొహాలు గుర్తొస్తాయి. మనం పక్కనే ఉంటాం, బిడ్డను ఒళ్లోనే పెట్టుకుంటాం. మొహం మాత్రం రాయిలా ఉంటుంది. ఇది తల్లులను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. పొద్దున నాలుగింటికి లేచి పాలు పితికి, వంట చేసి, కూలికి పోయొచ్చిన తల్లికి కాసేపు ఫోను చూసుకునే హక్కు ఉంది. ఆ కాసేపు బిడ్డకు ఇంకొకరు ఊ కొట్టగలిగితే చాలు. తాత, అత్త, అక్క, ఎవరైనా సరే.

సరే, మొదటి నుంచి వద్దాం. బిడ్డకు భాష ఎప్పుడు మొదలవుతుంది? ఏడాదికి "అమ్మ" అన్నప్పుడు అంటారు చాలామంది. కాదు. ఏడో నెలలో సీమంతం చేసి చేతినిండా గాజులు తొడుగుతాం కదా, సుమారుగా ఆ రోజులకే లోపలి బిడ్డకు చెవులు పనిచేస్తుంటాయి. బయటి మాటలు లోపలికి స్పష్టంగా వినపడవు. మీ ఇంటి గోడకు అవతల ఎవరో మాట్లాడుకుంటుంటే ఎలా ఉంటుంది? మాటలు తెలియవు, రాగం తెలుస్తుంది. అలా అన్నమాట. అన్నిటికంటే బాగా వినిపించేది తల్లి గొంతు, ఎందుకంటే అది ఆమె ఒంట్లోంచే వెళ్తుంది. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు, పుట్టి మూడు రోజులైనా కాని పిల్లలకు చెవుల దగ్గర హెడ్‌ఫోన్లు పెట్టి, నోట్లో రబ్బరు పీక ఇచ్చారు. ఒక తీరుగా చప్పరిస్తే తల్లి గొంతు, ఇంకో తీరుగా చప్పరిస్తే వేరే ఆడమనిషి గొంతు. ఆ పసిగుడ్లు తల్లి గొంతు వినిపించేలా చప్పరించడం పట్టుకున్నారు. 2009లో జర్మనీలో ముప్పై మంది, ఫ్రాన్స్‌లో ముప్పై మంది పసిపిల్లల ఏడుపులు రికార్డు చేసి పోల్చారు. ఫ్రెంచి పిల్లల ఏడుపు కింద నుంచి పైకి లేస్తోంది, జర్మన్ పిల్లలది పై నుంచి కిందికి దిగుతోంది. ఆ రెండు భాషల నడక కూడా అంతే. అంటే బిడ్డ తన ఊరి భాష రాగం తీసుకునే పుడుతోంది. అమ్మ కడుపులో చిత్తూరు యాస విన్న బిడ్డకు ఆ యాసే పుట్టిల్లు. "మన భాష మోటుగా ఉంటుంది, బిడ్డ ముందు మాట్లాడకూడదు" అని ఎవరైనా అంటే దయచేసి వినకండి.

ఇప్పుడు మీరంతా ఒకసారి నాతో అనండి. పాట. పాత. కోట. కోత. రెండింటికీ తేడా తెలుస్తోంది కదా? ట అనేటప్పుడు నాలుక వెనక్కి మడిచి అంగిలికి తగులుతుంది, త అనేటప్పుడు పళ్ల వెనక తగులుతుంది. మనకు ఇది ఎంత తేలికంటే, ఇందులో తెలుసుకోవాల్సింది ఏముందనిపిస్తుంది. కానీ ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పెద్దవాళ్లకు ఈ రెండూ ఒకటే శబ్దంలా వినిపిస్తాయి. వాళ్ల టీ అక్షరం శబ్దం ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. మరి వాళ్ల పిల్లలకు? కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఇది పరీక్షించి 1984లో రాశారు. వాళ్లు తీసుకున్నది హిందీ త, హిందీ ట. బిడ్డను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, త త త త అని వినిపిస్తూ ఉంటారు. ఉన్నట్టుండి ట ట ట అని మారుస్తారు. శబ్దం మారగానే బిడ్డ తల తిప్పితే పక్కన పెట్టెలో దీపం వెలిగి బొమ్మ ఆడుతుంది. ఆ బొమ్మ కోసమే పిల్లలు మార్పును కనిపెట్టి తల తిప్పుతారు. ఇంగ్లీషు ఇళ్లలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో దాదాపు అందరూ తల తిప్పారు. పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా హిందీ వినని పిల్లలు! అదే పది, పన్నెండు నెలల పిల్లలను పెడితే దాదాపు ఎవరూ తిప్పలేదు. ఆ నాలుగు నెలల్లో ఆ తలుపు మూసుకుంది. హిందీ ఇళ్లలో పెరిగే పిల్లలకు మాత్రం ఏడాది నిండే నాటికీ తెరిచే ఉంది.

నేను దీన్ని నష్టం అనుకోను. ఆ బిడ్డ తనకు పనికొచ్చే శబ్దాలను దగ్గర పెట్టుకుని, ఇంట్లో ఎవరూ వాడని తేడాలను వదిలేస్తోంది. మనమూ వదిలేశాం. ద్రాక్షతీగను, ద్రాక్షసారాయిని ఇంగ్లీషువాళ్లు రెండు వేర్వేరు వలతో పలుకుతారు. మన చెవికి రెండూ వైనే. అరటిపండును తమిళంలో వాళైపళం అంటారు, అందులో వచ్చే ళ మన ళ కాదు. నగరి వైపు తమిళం ఇళ్లలో పెరిగిన మా స్నేహితురాలు ఎన్నిసార్లు నేర్పినా నా నాలుకకు అది పట్టుబడలేదు. నేను ఇంకా తొట్టెలో ఉన్నప్పుడే నా చెవి దాన్ని పక్కన పెట్టేసి ఉంటుంది. బిడ్డ ఏమీ తెలియకుండా పడుకుని ఉందని మనం అనుకునే ఆ నెలల్లో ఇంత పని జరుగుతోంది.

ఇంకొక కష్టం చూడండి. రాసేటప్పుడు మనం మాటకూ మాటకూ మధ్య జాగా వదులుతాం. మాట్లాడేటప్పుడు వదలం. "అమ్మొచ్చింది", "యాడికెళ్తావుండావు" అని కలిపేస్తాం. మనది సంధుల భాష. మరి ఎక్కడ ఒక మాట ముగిసి ఇంకొకటి మొదలైందో బిడ్డకు ఎవరు చెప్పాలి? ఒక తల్లి రోజంతా ఏమంటుంది? బువ్వతిందామా, బువ్వేది, బువ్వకావాలా, బువ్వైపోయింది. బు తర్వాత వ్వ రావడం ప్రతిసారీ జరుగుతోంది. వ్వ తర్వాత వచ్చేది ప్రతిసారీ మారిపోతోంది. అయితే బువ్వ అనేది ఒక ముక్క! బిడ్డ ఇలా లెక్క వేస్తుంది. ఇది ఊహ కాదు. 1996లో జెన్నీ సాఫ్రన్, ఆమె తోటివాళ్లు ఎనిమిది నెలల పిల్లలకు అర్థంలేని అక్షరాల వరసను ఎక్కడా ఆగకుండా రెండు నిమిషాలు వినిపించారు. అందులో మూడక్షరాల ముక్కలు నాలుగు దాగి ఉన్నాయి. ఆ రెండు నిమిషాల్లోనే పిల్లలు ఆ ముక్కలను పట్టేశారు.

అందుకే పిల్లలతో ముద్దుమాటలు మాట్లాడొద్దనేవాళ్లతో నేను ఒప్పుకోను. బువ్వ, లాల, జోజో, ఆం, బూచి, చిచ్చీ. ఈ మాటలను ఒకసారి బాగా గమనించండి. ఎక్కువగా రెండు అక్షరాలు, అదే అక్షరం మళ్లీ, లేదంటే ఒత్తి పలికే అక్షరం. కొన్నిటిలో పెదవులతో పలికేవి, అంటే బిడ్డకు కంటికి కనిపించేవి ఉన్నాయి. ఏ పుస్తకమూ చదవని మన అవ్వలు, జేజెమ్మలు బిడ్డ చెవికి, నాలుకకు సరిపోయే మాటలను ఏరి పెట్టారు. పెద్దవాళ్లతో మాట్లాడే గొంతు కంటే, బిడ్డలతో మనం సాగదీసి, రాగం తీసి మాట్లాడే గొంతునే పసిపిల్లలు ఇష్టంగా వింటారని పరిశోధనల్లోనూ తేలింది. కాబట్టి రాగం తీయండి. "బంగారూ" అని సాగదీయండి. పెరిగేకొద్దీ మనకు తెలియకుండానే అవి తగ్గి అసలు మాటలు వస్తాయి.

అర్థం అనేది కూడా మనం అనుకున్నదాని కంటే ముందే వస్తుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలకే తిండి పేర్లు, ఒంట్లో భాగాల పేర్లు కొన్ని తెలుసని 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో చూపించారు. "ముక్కు" అంటే ముక్కు బొమ్మ వైపు కళ్లు తిప్పారు. నోటి నుంచి మాట రావడానికి ఇంకా నెలలు పడుతుంది. ఈ లోపల మనం చేయాల్సింది, బిడ్డ దేన్ని చూస్తోందో దాని పేరు చెప్పడం. మనం చూపించాలనుకున్న దాని పేరు కాదు. బిడ్డ కాకిని చూస్తుంటే మొహం పట్టుకుని పుస్తకం వైపు తిప్పి "ఏనుగు చూడు" అంటే కాకీ పోతుంది, ఏనుగూ పోతుంది. చంకలో వేసుకుని మిద్దె మీద తిప్పుతూ, బిడ్డ వేలు ఎటుంటే అటు, "కాకి. అదో, కాకి. ఎగిరిపోయింది" అనండి చాలు.

మాటలొచ్చాక మొదలవుతుంది అసలు అందం. కాకి తాతి అవుతుంది. కోతి తోతి. పుస్తకం పుత్తకం. రాము లాము. నా దగ్గరికొచ్చిన ఒక మూడేళ్ల పిల్లవాడు బొమ్మ చూపించి "తాతి" అన్నాడు. "ఓ, తాతినా?" అన్నాను. వాడికి కోపమొచ్చింది. "తాతి కాదు, తాతి!" అన్నాడు. చూశారా, వాడి చెవిలో క ఉంది. నాలుకకే ఇంకా అందలేదు. అందుకే బిడ్డ తప్పు పలికినప్పుడు మనం కూడా అదే తప్పు పలికి వెక్కిరిస్తే వాళ్లకు బాధగా ఉంటుంది. "అవునురా, కాకి" అని ఊ కొట్టండి. సరైన మాట ఆ ఊలోనే దొరుకుతుంది.

వ్యాకరణం సంగతి ఇంకా గొప్పది. మా పక్కింటి పాప ఒకరోజు "నేను అక్కకి బొమ్మ ఇవ్వినాను" అంది. వాళ్లమ్మ కంగారుపడింది, బిడ్డ తప్పు మాట్లాడుతోందని. నేనైతే సంతోషపడ్డాను. ఎందుకంటే "ఇవ్వినాను" అని ఆ ఇంట్లోనే కాదు, మన జిల్లాలోనే పెద్దవాళ్లెవరూ అనరు. అంటే అది ఎవరి దగ్గరా విని చెప్పింది కాదు. చెప్పు అంటే చెప్పినాను, ఆడు అంటే ఆడినాను, అయితే ఇవ్వు అంటే ఇవ్వినాను. ఆ పాపకు సూత్రం దొరికింది. ఇల్లులు, కాలులు అనే పిల్లలూ అంతే. 1958లో జీన్ బెర్కో అనే ఆమె ఎక్కడా లేని జంతువు బొమ్మ గీసి, దానికి వగ్ అని పేరు పెట్టి, "ఇప్పుడు రెండున్నాయి, ఏమంటావ్?" అని పిల్లలను అడిగింది. అంతకుముందు ఎప్పుడూ వినని ఆ మాటకు పిల్లలు బహువచనం చేసి చెప్పారు. ఉన్నదున్నట్టు అప్పజెప్పేవాళ్లయితే చెప్పలేరు కదా. "ఇవ్వినాను" అన్న పాపకు "ఆహా, అక్కకి ఇచ్చినావా!" అంటే సరిపోతుంది. కొన్నాళ్లకు దానంతట అదే సర్దుకుంటుంది.

ఆ పాప సంగతే ఇంకొకటి. మనకు మేము, మనం అని రెండున్నాయి. వినేవాళ్లను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. ఈ తేడాను ఏ తల్లీ బిడ్డకు కూర్చోబెట్టి నేర్పదు, అసలు మనకే అడిగితే వెంటనే చెప్పడం రాదు. పాప మొదట్లో నాతో, "మనం కొండకు పోతావుండాం, నువ్వు రావద్దు" అనేది. కొన్ని నెలల తర్వాత ఒకరోజు గేటు దగ్గర నిలబడి, "పెద్దమ్మా, మేము కొండకు పోతావుండాం" అంది. ఆ "మేము"లో నేను లేను. కానీ ఎవరుంటారు, ఎవరుండరు అన్నది ఆ పసిమెదడు ఎంత జాగ్రత్తగా లెక్క కట్టిందో చూసి ఆ రోజంతా నాకు అదే ఆనందం.

ఇక ఫోను, టీవీ. అందరూ అడిగేదే, కాబట్టి చెప్తాను. ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త 2003లో ప్రచురించిన ప్రయోగం ఉంది. తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా వాళ్ల మాండరిన్ భాషను పన్నెండు సార్లు వినిపించారు. కొందరికి మాండరిన్ మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని పుస్తకాలు చూపించి, బొమ్మలతో ఆడించారు. కొందరికి అదే మనిషి, అవే మాటలు టీవీలో. ఇంకొందరికి ఉత్త శబ్దం మాత్రమే. మనిషితో ఆడిన పిల్లలు ఆ భాషలోని శబ్దాల తేడాలను పట్టుకున్నారు. టీవీ చూసిన పిల్లలు, శబ్దం విన్న పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. టీవీ ఎంతైనా మాట్లాడుతుంది, ఊ మాత్రం కొట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, రెండేళ్ల లోపు పిల్లలకు తెర ముందు కూర్చోబెట్టడమే వద్దని, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా రోజుకు గంట దాటొద్దని చెప్పింది. "ఫోను పెడితే గానీ తినడు మేడమ్" అని వారానికి పదిమంది అంటారు నాతో. నాకు ఆ కష్టం తెలుసు. తినే ఆ అరగంటే బిడ్డకు రోజులో దొరికే పెద్ద సంభాషణ. దాన్ని ఫోనుకు ఇచ్చేయకండి.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. మన వైపు నుంచి చాలామంది నాన్నలు కువైట్‌లో ఉన్నారు. "ఫోను వద్దంటారు, మరి వాళ్ల నాయనతో వీడియో కాల్ కూడా వద్దా?" అని ఒక తల్లి కళ్లనీళ్లు పెట్టుకుని అడిగింది. వద్దనను. చేయండి. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, రెండు రెండున్నరేళ్ల పిల్లలు రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త మాటలు నేర్చుకోలేదు గానీ, అప్పటికప్పుడు జవాబిచ్చే వీడియో కాల్ నుంచి ఎదురుగా ఉన్న మనిషి దగ్గర నేర్చుకున్నట్టే నేర్చుకున్నారు. కువైట్ నుంచి నాన్న "ఏం తిన్నావురా?" అని అడిగి, బిడ్డ చెప్పేదాకా ఆగితే, ఆయన ఊ కొట్టినట్టే.

రెండు భాషల ఇళ్ల గురించి. ఈ హాల్లోనే సగంమంది ఇళ్లల్లో రెండు భాషలుంటాయి. పుత్తూరు, నగరి, సత్యవేడు వైపు తమిళం, కుప్పం వైపు తమిళం, కన్నడం, మదనపల్లె, పుంగనూరుల్లో ఉర్దూ. "రెండు భాషలు వింటే బిడ్డ తికమకపడుతుంది, ఒకటి ఆపేయండి" అని ఎవరో చెప్పారని వస్తారు. మాట్లాడే భాషను ఇంట్లో ఆపేయమని ఎవరు చెప్పినా వినకండి. కడుపులో ఉన్నప్పుడు రెండు భాషలు విన్న పిల్లలు పుట్టగానే రెంటి మీదా ఆసక్తి చూపిస్తారు, అదే సమయంలో రెండింటినీ వేరుగానూ గుర్తిస్తారు. "అమ్మా, తణ్ణి కావాల" అని బిడ్డ అంటే అది తికమక కాదు. ఆ ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడే తీరే అది. మాటలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టండి. నీళ్లు ఒకటి, తణ్ణి ఒకటి. తెలుగులో పదే వచ్చాయని దిగులుపడే తల్లికి, తమిళంలో ఇంకో పదిహేను ఉన్నాయని కనిపించకుండా పోతుంది.

నన్ను బాధపెట్టేది వేరే రెండో భాష. సంగటి ముద్ద ముందు పెట్టుకుని ఒక తల్లి మామూలుగా ఏమంటుంది? "అబ్బో, సంగటి కాల్తావుంది, ఉండు ఉండు, ఊదుకుందాం. నడుమ చెయ్యి పెట్టొద్దు, అంచు నుంచి తీసుకో. ఊరిబిండిలో అద్దుకో. కారంగా ఉందా? నీళ్లు తాగు." ఇందులో ఎన్ని పనులు, ఎన్ని ఎందుకులు, ఎన్ని విభక్తులున్నాయో చూడండి. అదే తల్లి, స్కూల్లో సీటు కోసం ఇప్పటి నుంచే ఇంగ్లీషు రావాలని, "హాట్. నో. ఈట్. సిట్" అంటుంది. తనకు వేల మాటలున్న భాషను పక్కన పెట్టి, ఇరవై మాటలు తెలిసిన భాషతో బిడ్డను పెంచుతోంది. ఇంగ్లీషు తర్వాత వస్తుంది, తప్పకుండా వస్తుంది. మీకు ధారాళంగా వచ్చిన భాష ఏదైతే అందులో మాట్లాడండి. కోప్పడడానికి, ముద్దు చేయడానికి, కథ చెప్పడానికి మీకు తడుముకోకుండా వచ్చే భాషే బిడ్డకు కావాల్సింది.

ఇప్పటిదాకా చెప్పిందంతా బిడ్డకు మాట వినిపిస్తోందని అనుకుని చెప్పాను. వినిపించకపోతే?

మా చెల్లెల్ని మా మేనమామకే ఇచ్చారు. మన వైపు ఇది కొత్తేమీ కాదు. వాళ్లకు కొడుకు పుట్టాడు. నాలుగైదు నెలలకు అందరి పిల్లల్లాగే ఊఁ, ఆఁ అన్నాడు. చెవిటి పిల్లలు కూడా మొదట్లో కూతలు పెడతారు. ఆ సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు. ఎనిమిది, తొమ్మిది నెలలకు రావాల్సిన బాబాబా, దాదాదా రాలేదు. ఏడాదిన్నరకూ మాట లేదు. మా అవ్వ, అంటే వాడికి జేజి, వెనక నుంచి పళ్లెం మీద గరిటెతో కొట్టింది. వాడు తిరిగి చూశాడు. "చెవులు బాగున్నాయి, వాళ్ల నాయనకీ మూడేళ్లకు గానీ మాటలు రాలేదు" అంది. నేల అదిరినా, నీడ కదిలినా చెవిటి బిడ్డ తిరిగి చూస్తుందని మాకు తెలియదు. ఒక ఆసుపత్రిలో చూపిస్తే అక్కడ కూడా, మగపిల్లలకు ఆలస్యమేలే, ఆగండి అన్నారు. ఆగాం. పరీక్ష చేసి రెండు చెవులూ దాదాపు వినిపించవని చెప్పేసరికి వాడికి మూడున్నరేళ్లు. వాడి వల్లే నేను మైసూరు వెళ్లి ఈ చదువు చదివాను.

ఆ మూడున్నరేళ్లు వాడు అందరి మధ్యా ఉండి, ఒక్కరి ఊ కూడా వినలేదు. అందుకే అంగన్‌వాడీ అక్కలను చేతులు జోడించి అడుగుతున్నాను, ఆగండి అని మాత్రం ఎవరికీ చెప్పకండి. వినికిడి పరీక్ష పుట్టిన నెలలోపు జరగాలి, లోపం ఉంటే మూడు నెలల్లోపు తేలాలి, ఆరు నెలల్లోపు వైద్యమో, మిషనో, శిక్షణో మొదలవ్వాలి. చాలా దేశాల్లో పాటించే లెక్క ఇది. నిద్రపోయే బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి కొన్ని నిమిషాల్లో చేసేది ఓఏఈ పరీక్ష. దానికి మించి కావాలంటే, శబ్దం చెవి నుంచి మెదడు దాకా చేరుతోందో లేదో చూసే బెరా పరీక్ష ఉంది. నొప్పి ఉండదు. పుట్టగానే ఐసీయూలో ఉన్న పిల్లలకు, కామెర్లు బాగా ఎక్కువైన పిల్లలకు, మెదడువాపు వచ్చిన పిల్లలకు, మేనరికం ఇళ్లలోని పిల్లలకు మరీ ముఖ్యం. మేనరికం చేసుకున్నవాళ్లను నిందించడానికి కాదు, మా ఇంట్లోనూ అదే. పుట్టుకతో వచ్చే చెవుడు అక్కడ ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ముందే చూపించుకోమంటున్నాను.

చెవులు బాగున్నా గమనించాల్సినవి ఉన్నాయి. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కావాల్సింది వేలితో చూపించకపోవడం, రెండేళ్లకు "పాలు కావాల" లాంటి రెండు మాటలు కలపకపోవడం, వచ్చిన మాటలు పోవడం. వీటిలో ఏది కనిపించినా చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో దీనికోసమే సత్వర చికిత్స కేంద్రాలు పెట్టారు. మన తిరుపతిలోనే టీటీడీ వాళ్ల బధిర పాఠశాల ఉంది, వినికిడి లోపం ఉన్న చిన్నపిల్లలకు శిక్షణ ఇచ్చే శ్రవణం ఉంది. మనకంటే దూరం ఊళ్లవాళ్లు వెతుక్కుంటూ వస్తున్నారు.

ఒకవేళ మిషన్లతో వినికిడి రాకపోయినా భాష రాదని కాదు. చేతుల భాష పూర్తి భాష. చెవిటి తల్లిదండ్రులు చేతులతో మాట్లాడే ఇళ్లలోని పసిపిల్లలు, మన పిల్లలు నోటితో బాబాబా అనే వయసులోనే, చేతులతో బాబాబా అంటారని 1991లో లారా పెటిటో చూపించింది. మెదడుకు భాష కావాలి. అది చెవి నుంచి వచ్చిందా, కంటి నుంచి వచ్చిందా అన్నది దానికి పట్టింపు లేదు. సమయానికి రావడం, జవాబిచ్చే మనిషి నుంచి రావడమే దానికి కావాలి.

మా వాడు బధిర పాఠశాలలో చేరాక సైగలు నేర్చుకున్నాడు. సెలవులకు ఇంటికొచ్చి జేజి ముందు కూర్చుని, బడిలో జరిగినవన్నీ చేతులతో చెప్పేవాడు. ఆమెకు మొదట్లో ఒక్కటీ అర్థమయ్యేది కాదు. అయినా చెనిక్కాయలు ఒలుస్తున్న చేతులు ఆపి, వాడి మొహమే చూస్తూ, వాడు ఆగినప్పుడల్లా తల ఊపేది. వాడు మళ్లీ మొదలుపెట్టేవాడు. తర్వాత్తర్వాత ఆమె అడగడం కూడా నేర్చుకుంది. తిన్నావా, నిద్రపోయావా, ఎవరు కొట్టారు. ఆ మూడూ ఆమె తనంతట తాను కల్పించుకున్న సైగలు. వాడిప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల జేజి ఇప్పుడు లేదు. ఇంటికొస్తే మాత్రం వాడు మమ్మల్ని ఇప్పటికీ ఆమె సైగతోనే అడుగుతాడు, తిన్నారా అని.

నేను ఇంకో రెండు గంటలు ఇక్కడే ఉంటాను. రెండేళ్ల లోపు పిల్లలను తెచ్చినవాళ్లు ముందు రండి. ఆ మూల కుర్చీలో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అవ్వా, మీరే మొదట రండి, ఇందాకటి నుంచి మీ మనవడు నాతో ఏదో చెబుతున్నాడు.